వెన్నెల పుట్టినరోజు

1. ఇంట్లో సందడి

నాగమ్మది దివిసీమలో ఒక పల్లెటూరు. ఊరి పక్కనే పంట కాలువ. కాలువ అవతల వరి చేలు.

నాగమ్మ కొడుకు శ్రీను. ఆటో తోలతాడు. కోడలు లక్ష్మి. ఇంటి దగ్గరే కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. వాళ్లకు ఒక పాప. పాప పేరు వెన్నెల. కానీ ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఇంట్లో, వీధిలో అందరికీ బుజ్జి.

బుజ్జి పుట్టి ఏడాది కావస్తోంది. ఇంకా మూడు వారాలే ఉంది. ఒకరోజు రాత్రి అన్నాలు తిన్నాక శ్రీను ఒక కాగితం తీశాడు.

"అమ్మా, బుజ్జి పుట్టినరోజుకి లెక్క రాశాను, విను" అన్నాడు.

శ్రీను రాసిన లెక్క ఇది.

ఫ్లెక్సీ: 1,000 రూపాయలు
టెంటు, కుర్చీలు, లైట్లు: 5,000 రూపాయలు
కేకు: 1,500 రూపాయలు
150 మందికి బిర్యానీ: 22,500 రూపాయలు
డీజే, బెలూన్లు: 6,000 రూపాయలు
అందరికీ బట్టలు: 4,000 రూపాయలు
మొత్తం: 40,000 రూపాయలు

"చేతిలో ఎంత ఉందిరా?" అని అడిగింది నాగమ్మ.

"పది వేలు ఉంది. మిగతా ముప్పై వేలు వడ్డీకి తెస్తా. నూటికి మూడు రూపాయలు."

లక్ష్మి వేళ్ల మీద లెక్క పెట్టింది. "నెలకి తొమ్మిది వందలు వడ్డీ. ఏడాదికి పది వేల ఎనిమిది వందలు. మళ్లీ పుట్టినరోజు వచ్చేసరికి వడ్డీయే అంత అవుతుంది. అసలు అసలులాగే ఉంటుంది" అంది.

శ్రీను ముఖం చిన్నబోయింది.

"మా బావ కొడుక్కి ఎంత బాగా చేశాడో చూశారుగా! మనం చేయకపోతే నామోషీ కాదా? అయినా నా పుట్టినరోజు ఎప్పుడూ ఎవరూ చేయలేదు. నా కూతురికైనా చేయాలని ఉండదా నాకు?" అన్నాడు.

ఆ మాటకు ఎవరూ ఏమీ అనలేకపోయారు.

2. నాగమ్మ పుట్టింది ఎప్పుడు?

కాసేపటికి నాగమ్మే మాట్లాడింది.

"చెయ్యాలిరా. బుజ్జికి తప్పకుండా చెయ్యాలి. నాకు మాత్రం పుట్టినరోజే తెలియదు."

"ఆధార్ కార్డులో ఉంది కదమ్మా, జనవరి ఒకటి అని."

"అది వాళ్లు వేసిన తేదీ. ఎప్పుడు పుట్టావని అడిగారు. తెలియదన్నాను. ఏదో ఒకటి వేశారు. మా అమ్మ మాత్రం ఒకటే చెప్పేది. ఉప్పెన వచ్చేనాటికి నేను తప్పటడుగులు వేస్తున్నానట. నన్ను చంకన వేసుకుని గుడి మీదికి ఎక్కిందట. అదే నా వయసుకి గుర్తు."

నాగమ్మ చెప్పిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. సముద్రం దివిసీమ మీద పడింది. వేల మంది చనిపోయారు. ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఆ ప్రాంతంలో వయసులు ఉప్పెనతోనే లెక్కపెట్టారు. ఉప్పెనకు ముందు పుట్టాడు, ఉప్పెన తరువాత పుట్టింది అని చెప్పుకునేవారు.

నాగమ్మ ఇంకో మాట కూడా చెప్పింది.

"నాకు పెళ్లి చేసేటప్పుడు ఎన్నేళ్లో ఎవరూ అడగలేదు. ఈడొచ్చింది అన్నారు, చేసేశారు. పధ్నాలుగేళ్లో, పదిహేనేళ్లో! ఈ పిల్లకి ఇంకా వయసు రాలేదని చెప్పడానికి ఒక కాగితం ఉంటే, ఎవరో ఒకరు ఆపేవాళ్లేమో."

లక్ష్మి అత్తగారి వంక చూసింది. ఈ సంగతి ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

3. ఖాళీగా ఉన్న గీత

నాగమ్మ ఆరు నెలలుగా సాయంత్రం పూట చదువుల కేంద్రానికి వెళుతోంది. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతుంది. బస్సు మీద ఊరి పేరు చదువుతుంది. సబ్బు మీద ధర చదువుతుంది. దొరికిన కాగితమల్లా చదవడం ఆమెకు సరదా.

మర్నాడు పొద్దున ఆమె లక్ష్మిని పిలిచింది.

"అమ్మాయ్, బుజ్జి పుట్టినప్పుడు ఒక కాగితం ఇచ్చారు కదా. అది ఇలా తే. పుట్టినరోజు సరిగ్గా ఎప్పుడో చదువుతాను."

లక్ష్మి పెట్టెలోంచి జనన ధ్రువపత్రం తీసి ఇచ్చింది. అందులో తెలుగు ఉంది, ఇంగ్లీషు ఉంది. నాగమ్మ తెలుగు అక్షరాల కింద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

పుట్టిన తేదీ. ఉంది.
పుట్టిన స్థలం. ప్రభుత్వ ఆసుపత్రి అని ఉంది.
తల్లి పేరు. ఉంది.
తండ్రి పేరు. ఉంది.
పేరు...

నాగమ్మ వేలు అక్కడ ఆగిపోయింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"అమ్మాయ్, ఇక్కడ నాకు చదవడం రావడం లేదా? లేక అక్షరాలే లేవా?"

లక్ష్మి వంగి చూసింది. "అక్షరాలే లేవు అత్తయ్యా!" అంది.

బుజ్జి పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఖాళీ.

ఎందుకలా జరిగింది? పాప పుట్టిన నాలుగైదు రోజులకే ఆసుపత్రి వాళ్లు జననం నమోదు చేయించారు. అప్పటికి పేరు పెట్టలేదు. ఇరవై ఒకటో రోజున బారసాల చేశారు. బియ్యంలో పేరు రాశారు. ఊరంతా అక్షింతలు వేసింది. కానీ ఆ పేరు కాగితంలోకి ఎక్కలేదు. కాగితం తెచ్చి పెట్టెలో పెట్టారు. లక్ష్మి పదో తరగతి చదివింది. శ్రీను ఇంటర్ చదివాడు. ఇద్దరూ ఆ కాగితాన్ని తెరిచి చదవలేదు. పాప గురించి మాకు తెలియనిది ఏముంది అనుకున్నారు.

శ్రీను ఇంటికి రాగానే నాగమ్మ కాగితం చూపించింది.

"ఒరే శ్రీనూ, ఫ్లెక్సీ మీద నిలువెత్తు అక్షరాలు రాయిస్తానన్నావు. ఈ కాగితంలో నీ కూతురికి పేరే లేదురా!"

శ్రీను చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయాడు.

4. తెలుసుకుందాం: జనన నమోదు

మన దేశంలో జనన మరణాల నమోదుకు 1969లో చట్టం వచ్చింది. ప్రతి జననాన్నీ తప్పకుండా నమోదు చేయించాలి.

బిడ్డ పుట్టిన 21 రోజుల లోపు నమోదు చేయిస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఆసుపత్రిలో కాన్పు అయితే ఆసుపత్రి వాళ్లే తెలియజేస్తారు. ఇంటి దగ్గర కాన్పు అయితే ఇంటి పెద్ద తెలియజేయాలి. 21 రోజులు దాటితే ఆలస్య రుసుము కట్టాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆలస్యం అయ్యేకొద్దీ తిరుగుడు పెరుగుతుంది.

పేరు లేకుండా కూడా జననం నమోదు చేస్తారు. పేరు తరువాత చేర్పించుకోవచ్చు. నమోదు అయిన రోజు నుంచి 12 నెలల లోపు చేర్పిస్తే డబ్బు కట్టక్కర్లేదు. అది దాటితే రుసుము కట్టి, 15 ఏళ్ల లోపు చేర్పించుకోవచ్చు.

2023లో ఈ చట్టాన్ని సవరించారు. ఆ సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజున, ఆ తరువాత పుట్టిన వారందరికీ పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే రుజువు. బడిలో చేరడానికి అదే చూపాలి. ఓటరు జాబితాలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, పాస్‌పోర్టుకు, ప్రభుత్వ ఉద్యోగానికి, పెళ్లి నమోదుకు కూడా అదే ఆధారం.

ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరం. 2006లో వచ్చిన బాల్య వివాహాల నిషేధ చట్టం ఈ మాట చెబుతోంది. పిల్ల వయసు ఎంత అనే ప్రశ్న వచ్చినప్పుడు సమాధానం చెప్పేది ఈ కాగితమే.

5. వె - న్నె - ల

నమోదు అయి ఇంకా ఏడాది నిండలేదు. గడువు ఉంది. కొద్ది రోజులే ఉంది.

పేరు చేర్పించడానికి ఎక్కడికి వెళ్లాలి? జననం నమోదు అయిన ఆఫీసుకే వెళ్లాలి. ధ్రువపత్రం మీద ఏ ఆఫీసు ముద్ర ఉందో చూస్తే తెలుస్తుంది. మర్నాడే శ్రీను ఆటో తీశాడు. లక్ష్మి, నాగమ్మ, బుజ్జి అందరూ బయలుదేరారు.

ఆఫీసులో గుమాస్తా దరఖాస్తు ఫారం ఇచ్చాడు. "పాప పేరేంటమ్మా?" అని అడిగాడు.

"బుజ్జి" అని శ్రీను నోటి నుంచి వచ్చేసింది. అందరూ నవ్వారు. బుజ్జి కూడా నవ్వింది.

లక్ష్మి ఫారం నింపింది. ఇంటి పేరు, పాప పేరు విడివిడిగా రాసింది. తెలుగులో రాసింది. ఇంగ్లీషులో రాసింది. తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకాలు చేశారు.

ఫారం ఇచ్చేముందు నాగమ్మ అడిగింది. "అయ్యా, ఒకసారి నేను చదువుతాను."

"చదవండమ్మా, తొందరేం లేదు" అన్నాడు గుమాస్తా.

నాగమ్మ వేలు పెట్టి చదివింది. వె... న్నె... ల. న కింద న ఒత్తు ఉందో లేదో చూసింది. ఉంది. అప్పుడు ఫారం ఇచ్చింది.

కొత్త కాగితం చేతికి వచ్చిన రోజున కూడా అలాగే ప్రతి అక్షరం చూసుకున్నారు. ఒక్క అక్షరం తేడా ఉన్నా తరువాత తిరగాల్సి వస్తుంది. బడిలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బ్యాంకులో మరో పేరు ఉంటే ఇబ్బంది పడేది పిల్లలే.

6. పుట్టినరోజు ఎలా చేశారు?

శ్రీను లెక్క కాగితాన్ని తనే చించేశాడు. ముగ్గురూ కూర్చుని కొత్త లెక్క రాశారు. చేతిలో ఉన్న పది వేలు దాటకూడదు అనుకున్నారు.

పుట్టినరోజు నాడు పొద్దున్నే బుజ్జికి నలుగు పెట్టి తలంటు పోశారు. లక్ష్మి కుట్టిన కొత్త గౌను తొడిగారు. నాగమ్మ హారతి ఇచ్చింది. అక్షింతలు వేసి దీవించింది.

ఎండ ఎక్కకముందే ఆటోలో మోపిదేవి వెళ్లారు. అక్కడ సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడి ఉంది. పిల్లలకు చెవులు కుట్టించడానికి, పుట్టువెంట్రుకలు తీయించడానికి చాలామంది అక్కడికి వస్తారు. బుజ్జికి దర్శనం చేయించారు. తరువాత పులిగడ్డ వెళ్లారు. అక్కడ కృష్ణా నది మీదుగా కాలువ నీళ్లు దివిసీమలోకి వస్తాయి. కింద నది, పైన కాలువ. నీళ్లను చూసి బుజ్జి చేతులు చాపి కేకలు వేసింది. తమ చేలకు వచ్చే నీళ్లు ఎలా వస్తున్నాయో శ్రీను లక్ష్మికి చూపించాడు. పాప నిద్ర వేళకు ఇంటికి వచ్చేశారు.

సాయంత్రం ఇంటి ముందు పట్టాలు పరిచారు. వీధిలో పిల్లల్ని, దగ్గర బంధువుల్ని పిలిచారు. పులిహోర, పరమాన్నం వండారు. చిన్న కేకు కోశారు. పిల్లలు పాటలు పాడారు. అందరూ కలిసి ఒక ఫొటో తీయించుకున్నారు.

ఖర్చు ఇలా అయింది.

బట్టలు: 1,200 రూపాయలు
గుడి, ఆటో ఖర్చు: 500 రూపాయలు
సాయంత్రం వంట: 3,500 రూపాయలు
కేకు: 500 రూపాయలు
ఫొటో: 300 రూపాయలు
మొత్తం: 6,000 రూపాయలు

ఇంకా 4,000 రూపాయలు మిగిలాయి. అందులో వెయ్యి రూపాయలతో పోస్టాఫీసులో వెన్నెల పేరున సుకన్య సమృద్ధి ఖాతా తెరిచారు.

సాయంత్రం వచ్చిన బావ అన్నాడు. "ఏం బావా, ఇంతేనా? టెంటు కూడా వేయలేదే!"

శ్రీను నవ్వాడు. "అప్పు కూడా చేయలేదు బావా" అన్నాడు. బావ ఇంకేమీ అనలేదు. తను చేసిన అప్పు ఇంకా తీరలేదు మరి.

వేడుక చేసుకోవడం తప్పు కాదు. ఉన్నవాళ్లు ఉన్నంతలో చేసుకోవచ్చు. కానీ ఏడాది పిల్లకు ఫ్లెక్సీ తెలియదు, డీజే తెలియదు. అమ్మ ఒడి తెలుసు. నాన్న భుజం తెలుసు. నాయనమ్మ పాట తెలుసు. ఆ రోజు వాళ్లు ముగ్గురూ పక్కన ఉంటే చాలు. పాపకు అదే పండుగ.

7. తెలుసుకుందాం: సుకన్య సమృద్ధి ఖాతా

ఈ పథకం 2015లో మొదలైంది. పదేళ్లలోపు ఆడపిల్ల పేరున తల్లి గానీ తండ్రి గానీ ఖాతా తెరవవచ్చు. పోస్టాఫీసులో తెరవవచ్చు. బ్యాంకులో కూడా తెరవవచ్చు. పాప జనన ధ్రువపత్రం చూపాలి.

ఏడాదికి కనీసం 250 రూపాయలు వేయాలి. 15 ఏళ్లు వేయాలి. ఖాతా తెరిచిన 21 ఏళ్లకు సొమ్ము వడ్డీతో కలిసి చేతికి వస్తుంది. పిల్లకు 18 ఏళ్లు నిండాక గానీ, పదో తరగతి పాసయ్యాక గానీ, పై చదువు కోసం సగం వరకు తీసుకోవచ్చు.

ఏటా పుట్టినరోజు నాడు ఖాతాలో డబ్బు వేయాలని పెట్టుకుంటే మరిచిపోరు.

8. పుట్టినరోజు నాటికి చూసుకోవలసినవి

ఏడాది నిండేసరికి తల్లీ బిడ్డల కార్డు తీసి చూడండి.

తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు 9 నుంచి 12 నెలల మధ్య వేయించాలి. రెండో మోతాదు 16 నుంచి 24 నెలల మధ్య వేయించాలి. విటమిన్ ఎ మందు 9 నెలలు నిండాక మొదటిసారి పోస్తారు. వేయించకపోతే ఏఎన్ఎం గారిని గానీ, ఆశా కార్యకర్తను గానీ అడగండి.

అంగన్‌వాడీలో బిడ్డను తూకం వేయించండి. మామూలుగా ఏడాదికి బిడ్డ బరువు పుట్టిన బరువుకు సుమారు మూడు రెట్లు అవుతుంది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ తొమ్మిది కిలోల దాకా ఉండాలి. బాగా తక్కువ ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

9. బయటికి వెళ్లేటప్పుడు, వేడుక చేసేటప్పుడు

చిన్న బిడ్డను ఎండలో తిప్పకండి. పొద్దున గానీ సాయంత్రం గానీ తీసుకెళ్లండి. కాచి చల్లార్చిన నీళ్లు, ఇంట్లో వండిన మెత్తని అన్నం వెంట ఉంచుకోండి. నీళ్ల దగ్గర బిడ్డను ఒక్క క్షణం కూడా కిందికి వదలకండి.

వేరుశనగ గుళ్లు, శనగలు, గుండ్రటి ద్రాక్ష పళ్లు చిన్న పిల్లలకు పెట్టకండి. గొంతులో అడ్డం పడతాయి. పగిలిన బెలూను ముక్కలు వెంటనే ఏరి పారేయండి. పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఊపిరి ఆడదు.

నురుగు స్ప్రే కొట్టడం ఇప్పుడు ఒక వేడుక అయింది. ఆ డబ్బాలో మండే గ్యాస్ ఉంటుంది. కొవ్వొత్తి వెలుగుతుండగా కొడితే భగ్గుమంటుంది. అసలు కొనకపోవడమే మంచిది.

పెద్ద చప్పుడు చిన్న చెవులకు హాని. బిడ్డ ఏడిస్తే ఫొటో కోసం ఆపకండి. ముందు లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టండి.

గుర్తుంచుకుందాం

ఇంటికి వెళ్లగానే మీ పిల్లల జనన ధ్రువపత్రాలు తీయండి. పేరు ఉందా? తేదీ సరిగ్గా ఉందా? తల్లి పేరు, తండ్రి పేరు సరిగ్గా ఉన్నాయా? వేలు పెట్టి ప్రతి అక్షరం చదవండి. మీ పక్కింటివారికి చదవడం రాకపోతే వారి కాగితం కూడా చదివిపెట్టండి.

కొత్త మాటలు: చదవండి, రాయండి

జననం - పుట్టుక
నమోదు - పుస్తకంలో రాయించడం
ధ్రువపత్రం - ఇది నిజమని చెప్పే కాగితం
గడువు - పని ముగించవలసిన సమయం
రుసుము - పనికి కట్టే డబ్బు
మోతాదు - ఒకసారి ఇచ్చే మందు

ప్రశ్నలు

1. నాగమ్మ తన వయసును దేనితో గుర్తుపెట్టుకుంది?
2. వెన్నెల ధ్రువపత్రంలో పేరు ఎందుకు లేదు?
3. డబ్బు కట్టకుండా పేరు చేర్పించాలంటే ఎన్ని నెలల లోపు వెళ్లాలి?
4. జనన ధ్రువపత్రం ఏయే పనులకు కావాలి? నాలుగు రాయండి.

లెక్క వేయండి

1. శ్రీను 30,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే, రెండేళ్లకు వడ్డీ ఎంత అయ్యేది?
2. ఏడాదికి 250 రూపాయల చొప్పున 15 ఏళ్లు కడితే మనం కట్టిన సొమ్ము ఎంత?

చర్చించండి

మీ ఊళ్లో పుట్టినరోజులకు, ఓణీల వేడుకలకు అప్పులు చేస్తున్నారా? ఎవరి కోసం చేస్తున్నారు? అందరూ కలిసి ఒక కట్టుబాటు పెట్టుకోగలరా?

రాయండి

మీ పేరు, మీ పుట్టిన తేదీ, మీ పిల్లల పేర్లు, వారి పుట్టిన తేదీలు పలక మీద రాయండి. తరువాత నోటు పుస్తకంలో రాసుకుని దాచుకోండి.